అడుసు తొక్కి, జలపాతం ఎక్కి

జలపాతం దగ్గరికి వెళ్తున్నామంటే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట, రాళ్ళు జారతాయి జాగ్రత్త అని. తలకోనకి వెళ్ళినా కుంటాలకి వెళ్ళినా ప్రాణం కాపాడే మాట అది. థాయ్‌లాండ్ ఉత్తర భాగంలో బువా తాంగ్ అనే జలపాతం ఉంది. అక్కడ జనం చెప్పులు విప్పేసి, దిగివచ్చే నీటికి ఎదురుగా, రాతిమీద అడుగులో అడుగు వేసుకుంటూ పైకెక్కుతారు. చిన్నపిల్లలు కూడా ఎక్కుతారు. నీళ్ళు మోకాళ్ళను తోసుకుంటూ కిందికి పోతుంటాయి, అరికాలు మాత్రం కదలదు. విదేశీ యాత్రికులు దీనికి ‘అంటుకునే జలపాతం’ అని పేరు పెట్టుకున్నారు. నిజానికి అక్కడ అంటుకునే పదార్థం ఏదీ లేదు. ఉన్నదల్లా గరుకుదనం. ఆ గరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మాత్రం ఆకాశం దాకా వెళ్ళాలి.

ఈ జలపాతం చియాంగ్ మాయ్ నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, మే తేంగ్ జిల్లా అడవుల్లో ఉంది. అదే జిల్లాలో పన్ పన్ అనే చిన్న సేంద్రియ వ్యవసాయ క్షేత్రం కూడా ఉంది. జోన్ జన్‌దాయ్, పెగ్గీ రీంట్స్ కలిసి 2003లో దాన్ని మొదలుపెట్టారు. నాటు విత్తనాలను కాపాడటం అక్కడి అసలు పని. దాంతోపాటు మట్టితో ఇల్లు కట్టుకోవడం నేర్పుతారు. ఉత్తర థాయ్‌లాండ్‌కి ఇలా ఇల్లు కట్టడం నేర్చుకోవడానికి వచ్చే పరదేశీలు వారమంతా అడుసు తొక్కుతారు, సెలవు దొరికిన రోజు జలపాతాల దారి పడతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనే సామెత వాళ్ళ దగ్గర చెల్లదు. ఆ రెండు పనుల కోసమే వాళ్ళు టికెట్ కొనుక్కుని వచ్చారు.

వచ్చినవాళ్ళకి ఇవి రెండు వేరువేరు సరదాలు. ఒకటి పని, ఒకటి ఆట. రసాయనశాస్త్రం వైపు నుంచి చూస్తే రెండూ ఒకే చోట మొదలవుతాయి. వాననీటిలో కరిగిన కొద్దిపాటి కార్బన్ డయాక్సైడే కొండరాయిని బంకమట్టిగా మారుస్తుంది. సున్నపురాయిని కరిగించి, మోసుకొచ్చి, జలపాతం మెట్లుగా మళ్ళీ పేర్చేదీ అదే.

వానలో ఉన్న పులుపు

శుభ్రమైన వాననీరు కూడా పూర్తిగా తటస్థం కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి కార్బానిక్ ఆమ్లం తయారవుతుంది. గోలీసోడాలో నాలుకని చురుక్కుమనిపించేది ఈ ఆమ్లమే, కాకపోతే వానలో దాని పాలు బహు తక్కువ. అసలు బలం నేలలోకి దిగాక వస్తుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. చెట్ల వేళ్ళు, సూక్ష్మజీవులు ఊపిరి వదిలే అడవి మట్టిలో అది పదింతలు, ఒక్కోచోట వందింతలు ఉంటుంది. ఆ పొరలు దాటి కిందికి ఇంకిన నీటికి రాతిని కొరికే సత్తా వస్తుంది.

చియాంగ్ మాయ్‌కి నైరుతిలో థాయ్‌లాండ్‌లోకెల్లా ఎత్తైన శిఖరం దోయ్ ఇంతనోన్ ఉంది, ఎత్తు 2,565 మీటర్లు. అక్కడి రాయి ఎక్కువగా గ్రానైటు, నైస్. గ్రానైటులో ముఖ్యంగా ఉండేవి రెండు ఖనిజాలు, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. పుల్లని నీటికి ఫెల్డ్‌స్పార్ లొంగుతుంది. అందులోని పొటాషియం, సోడియం, కొంత సిలికా నీటితో కొట్టుకుపోగా, మిగిలిన అల్యూమినియం, సిలికాన్ కొత్తగా జతకట్టి కేయోలినైట్ అనే సన్నటి బంకమట్టి పలకలు అవుతాయి. క్వార్ట్జ్ లొంగదు. అది విడివిడి రేణువులై ఇసుకగా మిగులుతుంది. అంటే మట్టి ఇటుకకి కావలసిన సరుకు రెండూ, ఇసుకా బంకమట్టీ, ఒకే రాయి నుంచి, ఒకే పనిలో తయారవుతాయి. తెలంగాణ చెలక నేలలు పుట్టింది కూడా ఇలా గ్రానైటు కరిగే.

నల్లరేగడి సంగతి వేరు. అది ఎక్కువగా దక్కన్ నల్లరాతి పొరల నుంచి, అంటే బసాల్టు నుంచి వచ్చింది. అందులోని మాంట్‌మొరిల్లోనైట్ అనే బంక నీటిని పలకల మధ్యకి లాక్కుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. వేసవిలో పత్తి చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు ఎందుకు పడతాయో రైతుకి చెప్పనక్కర్లేదు. గోడలో ఆ పని జరిగితే ఇల్లు నిలవదు. ఒక గ్రాము కేయోలినైట్ పలకల ఉపరితలమంతా పరిస్తే పది, ఇరవై చదరపు మీటర్లు. మాంట్‌మొరిల్లోనైట్‌ది ఏడెనిమిది వందల చదరపు మీటర్ల దాకా పోతుంది. నీరు పట్టుకునే చోటు అంత ఎక్కువన్నమాట. మట్టి ఇల్లు కట్టే పాఠం ఎక్కడైనా మన్నుని గుర్తుపట్టడంతోనే మొదలయ్యేది ఇందుకే. అన్ని మన్నులూ ఇంటికి పనికిరావు.

సీసాలో మన్ను, కాళ్ళకింద అడుసు

ఆ గుర్తుపట్టే పద్ధతికి ప్రయోగశాల అక్కర్లేదు. గాజుసీసాలో మూడో వంతు మన్ను పోసి, నీళ్ళు నింపి, మూత బిగించి బాగా కుదిపి పెడతారు. ఇసుక కొన్ని క్షణాల్లో అడుగుకి చేరుతుంది. దానిపైన ఒండ్రు, అన్నిటికీ పైన బంకమట్టి. నీటిలో రేణువు దిగే వేగం దాని అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుందని 19వ శతాబ్దంలో జార్జ్ స్టోక్స్ లెక్క కట్టాడు. మిల్లీమీటరులో అయిదొందలో వంతు ఉండే బంక రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. అంతకన్నా సన్నవి మర్నాటికి కూడా దిగవు, అందుకే కొందరు చిటికెడు ఉప్పు వేస్తారు. ఉప్పు తగిలితే పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులై త్వరగా కూర్చుంటాయి. మర్నాడు పొద్దున సీసాకి బయట స్కేలు పెట్టి ఏ పొర ఎంత మందం ఉందో చూస్తారు. బంకమట్టి పాలు ఆరో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉంటే పని జరుగుతుంది. తక్కువైతే ఇటుక రాలిపోతుంది. ఎక్కువైతే పగులుతుంది, అప్పుడు ఇసుక కలుపుకోవాలి.

తర్వాత గుంట. మన్నుని ముందురోజే నానబెట్టి, దాంట్లోకి దిగి కాళ్ళతో తొక్కుతారు. యంత్రం కన్నా కాలు నయమని ఈ పని నేర్పేవాళ్ళు అంటే మొదట నమ్మబుద్ధి కాదు గానీ అందులో నిజం ఉంది. గడ్డ ఎక్కడ మిగిలిందో మడమకి తెలుస్తుంది, నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో వేళ్ళ సందుల్లోంచి జారే తీరు చెబుతుంది. థాయ్‌లాండ్‌లో ఇందులో కలిపేది వరి ఊక. మన దగ్గర గోడ పెట్టేవాళ్ళు ఊకో, తరిగిన గడ్డో కలిపినట్టే. ఆరేటప్పుడు అడుసు ముడుచుకుంటుంది. ఆ లాగుడుకి ఒకచోట పెద్ద పగులు రాకుండా, కంటికి కనిపించనన్ని సన్న పగుళ్ళుగా పంచేయడం ఊక చేసే పని. కొయ్య అచ్చులో నింపి, పైన అరచేత్తో చదును చేసి, అచ్చు పైకెత్తితే పచ్చి ఇటుక నేలమీద నిలుస్తుంది. రెండుమూడు రోజులకి పక్కకి నిలబెట్టి తిప్పుతారు. బట్టీ లేదు, కట్టె లేదు, మిగతా పనంతా ఎండదే.

ఇంతకీ బంకమట్టి ఎలా పట్టుకుంటుంది? ఇక్కడ నీరు చేసే పని చిత్రంగా ఉంటుంది. తడి మన్ను ఆరుతున్నకొద్దీ నీరు రేణువులు ఒకదాన్నొకటి తాకే మూలల్లోకి చేరి, అక్కడ వంగిన పలచటి పొరలుగా మిగులుతుంది. ఆ వంపులో తలతన్యత రెండు రేణువులనీ దగ్గరికి గుంజుతుంది. నీరు తగ్గేకొద్దీ వంపు బిగుస్తుంది, గుంజుడు పెరుగుతుంది. పలకలు అలా బాగా దగ్గరపడ్డాక వాటి మీది విద్యుదావేశాలు, అణువుల మధ్య ఆకర్షణలు కూడా తోడవుతాయి. ఎండలో పెట్టిన ఇటుక పూర్తిగా నీళ్ళు లేనిది కాదు. గాలిలోని చెమ్మతో సరితూగేటంత తడి అందులో ఎప్పుడూ ఉంటుంది, గోడని పట్టి నిలిపే వాటిలో ఆ తడి కూడా ఒకటి. అదే ఇటుకని తొట్టెలో ముంచితే సందులన్నీ నీటితో నిండి వంపులు మాయమవుతాయి, గుంజుడు సున్నా అవుతుంది, ఇటుక మళ్ళీ అడుసైపోతుంది. మట్టి ఇంటికి శత్రువు నీరని అందరూ అంటారు. కొలత తప్పిన నీరు అనడం సరైన మాట.

అందుకే ఈ ఇళ్ళకి రాతి పునాది నేలకి మోకాలెత్తు దాకా లేస్తుంది, చూరు గోడ దాటి బాగా ముందుకు వస్తుంది. ఈ రెండూ చేయకుండా కట్టిన మట్టి ఇల్లు మొదటి వానాకాలానికే బుద్ధి చెబుతుంది.

గోడ చేసే లెక్కలు

పచ్చి ఇటుక బలం ఎంత అని అందరూ అడుగుతారు. మంచి ఇటుక చదరపు సెంటీమీటరుకి పది నుంచి ఇరవై కిలోల బరువు మోస్తుంది. కాంక్రీటుతో పోలిస్తే ఇది పదో వంతు. కానీ ఎంత కావాలి అన్నది కూడా అడగాలి కదా. మూడు మీటర్ల ఎత్తు మట్టిగోడ తన సొంత బరువుతో అడుగు వరసమీద మోపేది చదరపు సెంటీమీటరుకి అరకిలో. పైకప్పు కలిపినా కిలో దాటడం అరుదు. ఒక్క అంతస్తు ఇంటికి కాంక్రీటు బలం వాడటం అవసరానికి మించిన ఖర్చే. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోందని, ఆ బట్టీ 1,450 డిగ్రీల దాకా వేడెక్కాలని గుర్తుంచుకుంటే ఆ ఖర్చు డబ్బుతో తీరేది కాదని తెలుస్తుంది.

చల్లదనం గురించి మాత్రం కాస్త అతి ప్రచారం జరుగుతోంది. ముప్ఫై సెంటీమీటర్ల మట్టిగోడ బయటి వేడిని లోపలికి చేర్చడానికి ఎనిమిది, పది గంటలు తీసుకుంటుంది. మధ్యాహ్నపు ఎండ రాత్రికి గాని గదిలోకి రాదు. రాత్రి బయట చల్లబడే చోట ఇది వరమే, కిటికీలు తీస్తే ఆ వేడి వెళ్ళిపోతుంది. చలికాలపు చియాంగ్ మాయ్‌లో, మన రాయలసీమలో, తెలంగాణలో ఇది బాగా పనిచేస్తుంది. రాత్రి కూడా ఉక్కపోసే కాకినాడ వేసవిలో అదే గోడ పడుకునే వేళకి వేడి వదలడం మొదలుపెడితే మేలు సగమే.

తడి విషయంలో అనుమానాలకి తావు లేదు. జర్మనీలో కాసెల్ విశ్వవిద్యాలయంలో గెర్నాట్ మింకే ఏళ్ళ తరబడి కొలిచి చూశాడు. గదిలో గాలి తేమని 50 శాతం నుంచి 80 శాతానికి ఒక్కసారి పెంచితే, ఒకటిన్నర సెంటీమీటరు మందం ఉన్న పచ్చి ఇటుక పొర రెండు రోజుల్లో చదరపు మీటరుకి సుమారు 300 గ్రాముల తేమ పీల్చుకుంది. కాల్చిన ఇటుక పీల్చింది 30 గ్రాముల లోపే. గాలి ఆరినప్పుడు ఆ తడిని తిరిగి ఇచ్చేస్తుంది. మట్టి ఇంట్లో అడుగుపెట్టగానే ఒంటికి హాయిగా అనిపించడంలో ఉష్ణోగ్రత కన్నా దీని వాటాయే ఎక్కువని నా అనుమానం.

అరువు తెచ్చుకున్న విద్య

ఇక్కడొక విషయం చెప్పాలి. మట్టి ఇల్లు ఉత్తర థాయ్‌లాండ్ సంప్రదాయం కాదు. అక్కడి పాత ఇళ్ళు టేకు కలపతో, వెదురుతో, స్తంభాల మీద లేచినవి. వానలెక్కువ, వరద భయం ఎక్కువ, అడవి దగ్గర. జోన్ జన్‌దాయ్ ఈశాన్య థాయ్‌లాండ్‌లోని యసోథోన్ రాష్ట్రంలో రైతుబిడ్డ. బ్యాంకాక్ వెళ్ళి ఏళ్ళపాటు చాకిరీ చేసి, విసిగి ఊరికి తిరిగొచ్చిన మనిషి. అమెరికాలో న్యూమెక్సికో వెళ్ళినప్పుడు అక్కడి ప్యూబ్లో తెగల మట్టి ఇళ్ళు చూసి, ఇది మా ఊళ్ళో ఎందుకు కుదరదు అనుకున్నాడు. ఆ తెగల టావోస్ ప్యూబ్లో ఊరు వందల ఏళ్ళుగా మనుషులు కాపురముంటున్న పచ్చి ఇటుకల ఊరు, 1992 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 2011లో చియాంగ్ మాయ్‌లో చేసిన ఒక ప్రసంగంలో జోన్ తన మొదటి ఇంటి గురించి చెప్పాడు. రోజూ పొద్దున అయిదు నుంచి ఏడు దాకా, రెండు గంటలే పనిచేస్తే మూడు నెలల్లో ఇల్లు లేచిందట. ఆ ప్రసంగం ప్రపంచమంతా తిరిగింది. ఆయన పేరు తెలిసి వచ్చే యాత్రికుల్లో చాలామంది అది విని వచ్చినవాళ్ళే.

ఆ రెండు గంటల లెక్క విని మట్టి ఇల్లు చవక అనుకోవడం సగం నిజం. సరుకు చవక, చాకిరీ కాదు. మనమూ, మన చుట్టాలూ, స్నేహితులూ దిగి చేస్తే మిగులుతుంది. కూలి పెట్టి చేయిస్తే ఆ మిగులు కరిగిపోతుంది. మన పల్లెల్లో మట్టిగోడలు పోవడానికి ఒక కారణం ఇదే. గోడ పెట్టడానికీ, ఏటేటా అలకడానికీ, పేడ పూయడానికీ ఇంటి ఆడవాళ్ళు పడిన శ్రమని ఎవరూ లెక్కవేయలేదు. లెక్కవేసే రోజు వచ్చేసరికి సిమెంటు చవకగా కనిపించింది.

సున్నం పూత

గోడ ఆరాక పూత వేయాలి. చాలామంది చేసే పెద్ద పొరపాటు ఇక్కడే, గట్టిగా ఉంటుందని మట్టిగోడ మీద సిమెంటు గిలాబు చేయిస్తారు. సిమెంటు పూత లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఏదో ఒక సన్న పగులులోంచి దూరిన వాననీరు వెనక చిక్కుకుంటుంది, గోడ అడుగున చేరుతుంది. బయటికి ఇల్లు దిట్టంగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల గోడ అడుసవుతుంటుంది. మట్టికి సరిపడేవి మట్టిపూత, సున్నంపూత. రెండూ ఆవిరిని పోనిస్తాయి.

సున్నంపూత తయారీలో మళ్ళీ ఆ కార్బన్ డయాక్సైడే ఎదురవుతుంది. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని 900 డిగ్రీల దగ్గర కాల్చితే, 100 గ్రాముల రాయిలో 44 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసి, 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుసమని మరిగి తడిసున్నమవుతుంది. గోడకి పూశాక అది నెమ్మదిగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తిరిగి లాక్కుంటుంది. నీరు వదిలేసి, మళ్ళీ సున్నపురాయే అవుతుంది. పూత గట్టిపడటం అంటే ఆరడం కాదు, రాయి కావడం. అది వారాలు, నెలలు పడుతుంది, కాస్త తడి కూడా ఉండాలి. అందుకే పాత మేస్త్రులు సున్నంపని మీద ఎండ పడకుండా తడిగోనెలు కప్పేవారు. గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపిన మన సున్నం గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది.

సున్నం అటు థాయ్ ఇళ్ళల్లోనూ తాంబూలం పెట్టెలో ఉండేది. వాళ్ళ సున్నం ఎర్రగా ఉంటుంది, పసుపు కలుపుతారు కాబట్టి. పెళ్ళిలో మనం కాళ్ళకి పూసే పారాణి ఎర్రనయ్యేది కూడా ఈ పసుపూ సున్నం కలయికతోనే.

నీళ్ళు కట్టిన మెట్లు

ఇప్పుడు బువా తాంగ్‌కి వెళ్దాం. జలపాతానికి పైన అడవిలో, ఏడు రంగుల ఊట అని థాయ్‌లో పిలుచుకునే ఒక నీటిబుగ్గ ఉంది. స్వచ్ఛమైన నీలం కలిసిన పచ్చదనంతో కనిపించే ఆ నీరు చాలాకాలం సున్నపురాతి పొరల్లో తిరిగి వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ ఏమాత్రం లేని నీరు లీటరుకి సుమారు 14 మిల్లీగ్రాముల సున్నపురాయినే కరిగించగలదు. అడవిమట్టి గాలిని మోసుకొచ్చిన నీరు వందల మిల్లీగ్రాములు కరిగిస్తుంది. అలా కరిగిన రూపం పేరు కాల్షియం బైకార్బొనేట్.

ఊట బయటపడగానే పరిస్థితి తిరగబడుతుంది. లోపల చిక్కిన కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలోకి పారిపోతుంది, సోడా గోలీ నొక్కినప్పటిలాగే. ఆమ్లం తగ్గిన నీటిలో అంత సున్నం ఇమడదు. ఎక్కువైనది రాయిగా పేరుకుంటుంది. నిశ్చలంగా ఉన్న మడుగులో గ్యాస్ నింపాదిగా పోతుంది. అంచు మీదుగా పలచటి పొరగా దూకేచోట, చిట్లి నురగలయ్యేచోట గబగబా పోతుంది. కాబట్టి రాయి ఎక్కువ పేరుకునేది సరిగ్గా నీళ్ళు దూకే అంచులోనే. పేరుకుంటే అంచు ఎత్తవుతుంది, ఎత్తయితే నీళ్ళు మరింత చిట్లుతాయి, చిట్లితే ఇంకా పేరుకుంటుంది. మెట్లుమెట్లుగా, బుడిపెలు బుడిపెలుగా ఆ జలపాతం తనని తాను కట్టుకుంటూ పోతుంది. ఈ రాయిని ట్రావర్టీన్ అంటారు. చల్లనీటి ఊటల దగ్గర పెళుసుగా, గుల్లగా ఏర్పడినదాన్ని టూఫా అని కూడా అంటారు.

పూతలో సున్నం గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని రాయైంది. జలపాతంలో నీరు గాలికి కార్బన్ డయాక్సైడ్ వదిలి రాయిని పుట్టించింది. దారులు ఎదురెదురు, చేరింది ఒకే ఖనిజానికి. ఈ సంగతి తెలిసినవాడికి మే తేంగ్‌లో ఇంటిగోడకీ జలపాతానికీ మధ్య పెద్ద దూరం కనిపించదు.

ఇక జారకపోవడం సంగతి. మామూలు జలపాతాల్లో జారించేది రాయి కాదు, రాతిమీది జీవం. నాచు, సూక్ష్మజీవులు కలిసి జిగురుపొర కడతాయి. ఇక్కడా అవి ఉంటాయి, కానీ వాటికి తీరిక దొరకదు. పొర ఏర్పడేలోపే దానిమీద సున్నం పేరుకుని రాయిలో కలిసిపోతుంది, పైన కొత్త గరుకు వస్తుంది. పైగా ఆ నాచే తన చావు తాను తెచ్చుకుంటుంది. ఎండలో ఆహారం తయారు చేసుకోవడానికి నీటిలోంచి కార్బన్ డయాక్సైడ్ లాక్కుంటుంది, దాంతో చుట్టూ సున్నం పేరుకోవడం ఇంకా పెరుగుతుంది. నీరు నెమ్మదిగా పారే మూలల్లో, పచ్చగా కనిపించేచోట మాత్రం జారుతుంది. అక్కడ తాళ్ళు కట్టి ఉంచినది ఊరికే కాదు.

ఈ జీవుల పాత్రని గట్టిగా పట్టించుకున్నవాళ్ళలో క్రొయేషియా వృక్షశాస్త్రవేత్త ఇవో పెవలెక్ ఒకడు. తన దేశంలోని ప్లిట్‌విచే సరస్సుల దగ్గర ఏ రకం నాచు మీద ఎలాంటి రాయి ఏర్పడుతుందో 1920ల నుంచి పరిశీలించాడు. ఆ సరస్సుల మధ్య ఆనకట్టల్లా నిలిచినవన్నీ ఇలా నాచూ సున్నమూ కలిసి కట్టినవేనని, నాచు చస్తే ఆనకట్టలు ఆగిపోతాయని ఆయన వాదన. 1949లో ఆ చోటు జాతీయ వనమైంది, 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. లావోస్‌లో కువాంగ్ సి, చైనాలో హువాంగ్‌లాంగ్, థాయ్‌లాండ్‌లోనే పడమటి వైపు ఏడంచెల ఎరావాన్, అన్నీ ఈ కోవవే.

మిగతా జలపాతాల నడక దీనికి పూర్తిగా విరుద్ధం. నయాగరా తన కాళ్ళకింది రాయిని తానే తవ్వుకుంటూ గత పన్నెండు వేల ఏళ్ళలో దాదాపు 11 కిలోమీటర్లు వెనక్కి జరిగింది. జలపాతమంటే కొండని అరగదీసేది అనే మన అంచనాకి నయాగరా సరిపోతుంది, బువా తాంగ్ సరిపోదు.

అలాగని ఈ కట్టుబడి ఎల్లకాలం సాగుతుందని కాదు. పెద్దవానలకి ఊటనీటిలో వాననీరు కలిసి పలచనవుతుంది. అప్పుడు పేరుకోవడం మందగిస్తుంది, వరద బలంగా వస్తే ఉన్నది కూడా విరుగుతుంది. ఎండాకాలపు తేటనీటిలోనే పని బాగా సాగుతుంది. పచ్చి ఇటుకలు కోసేదీ వానలు వెలిసిన ఆ నెలల్లోనే. సబ్బు, ఎరువు, మురుగు కలిస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది. అందులోని ఫాస్ఫేటు స్ఫటికాల మీద అతుక్కుని వాటిని పెరగనివ్వదు. ప్లిట్‌విచేలో సరస్సుల్లో దిగి ఈదడం నిషేధించారు. బువా తాంగ్‌లో ఎక్కడమే ఆకర్షణ. రోజూ వందల పాదాలు తొక్కే అంచు ఎంత పెరుగుతోందో, ఎంత అరుగుతోందో కొలిచి చూడవలసిన పనే. ఆ నీళ్ళలోకి ఒంటికి పూసుకున్న క్రీములతో దిగకపోవడం మాత్రం కొలతల కోసం ఆగనక్కర్లేదు.

అదిరే నేల

ఉత్తర థాయ్‌లాండ్ భూకంపాలు తెలియని ప్రాంతం కాదు. చియాంగ్ మాయ్ నడిబొడ్డున ఉన్న వాట్ చేది లువాంగ్ ఇటుక గోపురం పైభాగం 1545 భూకంపంలో కూలింది. 2014 మే 5న చియాంగ్ రాయ్ దగ్గర ఆరు దాటిన తీవ్రతతో నేల కదిలింది. మట్టి ఇళ్ళ గురించి ముచ్చటగా రాసే చాలా వ్యాసాలు ఇక్కడ నోరు మెదపవు. మట్టి బరువు మోస్తుంది, లాగితే తెగుతుంది. భూకంపం గోడని అటూ ఇటూ లాగుతుంది. ఇరాన్‌లో పచ్చి ఇటుకల పాతనగరం బామ్ 2003 డిసెంబరు 26న నేలమట్టమైనప్పుడు 26 వేల మందికి పైగా చనిపోయారు. మనకి దగ్గరలో 1993 సెప్టెంబరు 30న లాతూరు. అక్కడ చంపినవి మట్టిలో పేర్చిన రాతిగోడలు, వాటిమీది బరువైన మిద్దెకప్పులు. చనిపోయినవాళ్ళు దాదాపు పదివేలు.

అయితే 2001 జనవరిలో కచ్ భూకంపం వచ్చినప్పుడు అక్కడి గుండ్రటి భుంగా ఇళ్ళు చాలా నిలిచాయి. గుండ్రటి గోడకి విడిపోయే మూలలు ఉండవు, కప్పు తేలిక. శ్రీకాకుళం, విశాఖ తీరంలో మన చుట్టిళ్ళు కూడా మట్టిగోడలే, గుండ్రటివే. వాటిని అలా మలిచింది ఉప్పెన గాలి. నేల దాకా దిగిన తాటాకు కప్పు గాలిని జారవిడుస్తుంది, వాన గోడకి తగలనివ్వదు. చతురస్రంగా కట్టాలనుకునేవాళ్ళకి ఉపాయాలు లేకపోలేదు. గోడల తలమీద చుట్టూ ఒకే పట్టీలా కట్టిన దూలం, మూలల్లో వెదురు అల్లిక, చిన్న కిటికీలు, తేలిక కప్పు. ఎవరైనా మట్టి ఇల్లు నేర్పుతామంటే వాళ్ళని మొదట అడగవలసింది సీసా పరీక్ష గురించి కాదు, ఈ పట్టీ గురించి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నవంబరు నుంచి జనవరి చివరి దాకా మంచి కాలం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవులు, పొలాల మంటలతో చియాంగ్ మాయ్ గాలి పొగతో నిండిపోతుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ నెలల్లో అటు పోకూడదు. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి స్వచ్ఛందంగానైనా పనిచేయడానికి ఆ దేశపు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోవాలి. డబ్బు కట్టి నేర్చుకోవడం వేరు, ఇల్లు కట్టి పెట్టడం వేరు.

వెళ్ళలేనివాళ్ళు ఊళ్ళోనే ఒక చిన్న పని చేసి చూడొచ్చు. కూలిన పాత ఇంటి గోడ పెచ్చు మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. సున్నమైతే సన్నగా బుసబుసలాడుతుంది, బందీ అయిన కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తున్నందువల్ల. పాత సిమెంటు కూడా కొంత పొంగుతుంది కాబట్టి పెచ్చు ఏ కాలానిదో తెలిసి ఉండాలి. చెలకమట్టి చాలావరకు ఉలకదు. నల్లరేగడి చేలో అక్కడక్కడా దొరికే తెల్లటి గులకలు మాత్రం బాగా పొంగుతాయి. నేలలోని సున్నపునీరు ఎండాకాలంలో ఆవిరైపోతూ వదిలినవే అవి. ఒకప్పుడు ఊళ్ళల్లో వాటినే ఏరుకొచ్చి, బట్టీ పెట్టి కాల్చి, గోడలకి సున్నం చేసుకునేవారు.